మన గుడికి దారి వేసినవాళ్లు

(న్యూజెర్సీలో తెలుగువారి సభలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఇవాళ మనం స్మరించుకుంటున్న మాస్టారు న్యాయశాస్త్రం బోధించినవారు. పదవీ విరమణ తరవాత కొడుకు దగ్గరికి ఈ దేశం వచ్చి, చివరిదాకా ఇక్కడే ఉండిపోయారు. తన పేరు వేదికల మీద పదే పదే పలకడం ఆయనకు నచ్చేది కాదు. శిష్యులందరికీ ఆయన మాస్టారే, ఈ సాయంత్రం నాకూ అంతే. ఏ తీర్పు చేతికిచ్చినా ఆయన మొదట అడిగే ప్రశ్న ఒకటే: "కోర్టుకెక్కింది ఎవరు?" సెక్షన్లూ సూత్రాలూ ఆ తరవాత. ఎవరికి అన్యాయం జరిగింది, ఎవరు ఉన్నదంతా ఒడ్డి న్యాయస్థానం మెట్లెక్కారు అన్నది తెలియకుండా తీర్పు చదివితే సగమే చదివినట్టని ఆయన నమ్మకం. అమెరికాలో చట్టానికీ మతానికీ మధ్య నడిచిన కథను ఆ ప్రశ్న పట్టుకునే మీకు చెబుతాను.

న్యూయార్క్ నగరంలో, క్వీన్స్‌లో, ఫ్లషింగ్ అనే పేట ఉంది. అక్కడ బౌన్ స్ట్రీట్ మీదున్న గణపతి గుడికి మీలో చాలామంది వెళ్లే ఉంటారు. ఆ గుడి సంఘం 1970లో రిజిస్టరైంది. ఒకప్పుడు రష్యన్ ఆర్థడాక్స్ చర్చి ఉన్న స్థలం కొని, ఆగమోక్తంగా గుడి కట్టి, 1977 జులై 4న కుంభాభిషేకం చేశారు. ఆ రోజుల్లోనే పిట్స్‌బర్గ్ పక్కన పెన్ హిల్స్‌లో, తిరుమల తిరుపతి దేవస్థానం అండతో, వెంకటేశ్వరస్వామి గుడి లేచింది. ఇంటి మూలన పటం పెట్టుకుని దీపం వెలిగించుకున్న తొలితరం తెలుగువాళ్లకు ఆ రెండు గుళ్లూ ఎంత ఊరటనిచ్చాయో వాళ్ల నోటనే వినాలి.

ఆ వీధికి బౌన్ అని ఎందుకు పేరు పెట్టారు? 1650లలో ఆ ప్రాంతం డచ్చివారి వలస రాజ్యం. గవర్నరు పీటర్ స్టైవెసాంట్. తన చర్చి తప్ప మరో చర్చి కూడదన్నది ఆయన పట్టుదల. క్వేకర్లనే క్రైస్తవ శాఖవారికి ఆశ్రయమిస్తే జరిమానా అని ఆజ్ఞ వేశాడు. 1657 డిసెంబరు 27న ఫ్లషింగ్ వాసులు దాదాపు 30 మంది ఆ ఆజ్ఞ పాటించలేమని ఒక విన్నపం రాసి సంతకాలు చేశారు. వాళ్లలో ఒక్కరూ క్వేకరు కారు. యూదులనూ తురకలనూ కూడా కలుపుకుని, ఎవరు మా గుమ్మంలోకి వచ్చినా కాదనలేమని రాశారు. పట్టణ గుమస్తాను, షెరీఫును జైల్లో వేశారు. కొన్నాళ్లకు జాన్ బౌన్ అనే రైతు తన ఇంట్లో క్వేకర్ల ప్రార్థనకు చోటిచ్చాడు. 1662లో అతన్ని పట్టుకుని దేశం దాటించారు. ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లి, ఆ వలసను నడిపే డచ్ వెస్టిండియా కంపెనీ ముందు అతను మొరపెట్టుకున్నాడు. 1663లో కంపెనీ గవర్నరుకు ఉత్తరం రాసింది, మనుషుల మనస్సాక్షి జోలికి పోవద్దని. బౌన్ తిరిగొచ్చాడు. ఆ ఇల్లు ఇంకా ఉంది. అతని పేరున్న వీధిలో, 300 ఏళ్లు దాటాక, వినాయకుడు వెలిశాడు.

మనం ఈ దేశానికి గుంపుగా వచ్చింది 1965 వలస చట్టం తరవాత. అప్పటికి దారి సిద్ధంగా ఉంది. చదువుకున్నాం, ఉద్యోగాలొచ్చాయి, చందాలు పోగుచేశాం, కనక గుడి కట్టుకున్నాం అని చెప్పుకుంటాం. అందులో అబద్ధం లేదు, కానీ చెప్పకుండా వదిలేసేది చాలా ఉంది. గుడి కట్టే హక్కును మన తరపున ఎవరెవరో, మనల్ని ఎన్నడూ చూడనివాళ్లు, ముందే గెలిచి పెట్టారు. కొందరు ఓడిపోయి కూడా పెట్టారు.

వర్జీనియా రాష్ట్రం 1786లో మతస్వేచ్ఛ చట్టం చేసినప్పుడు పీఠికలో యేసుక్రీస్తు పేరు చేర్చాలని కొందరు పట్టుబట్టారు. సభ ఒప్పుకోలేదు. చట్టం రాసిన థామస్ జెఫర్సన్ చాలా ఏళ్ల తరవాత తన ఆత్మకథలో ఈ సంగతి గుర్తుచేసుకుంటూ, యూదులూ క్రైస్తవులూ మహమ్మదీయులతో పాటు హిందువులకూ ఈ రక్షణ ఉద్దేశించిందేనని నమోదు చేశాడు. అప్పటికి ఆయన హిందువును కళ్లారా చూసి ఉంటాడని నేననుకోను. ఎదురుగా లేని మనిషికి కూడా చోటు ఉంచడం గొప్ప విషయం. అయితే అదే మనిషి బానిసలను ఉంచుకున్నవాడు. ఆ సంగతి పక్కన పెట్టి ఆయన్ని పొగడటం నాకు చేతకాదు.

1791లో రాజ్యాంగానికి మొదటి సవరణ వచ్చింది. ప్రభుత్వం ఏ మతాన్నీ స్థాపించకూడదు, మతాచరణను అడ్డుకోకూడదు. ఆ రెండో భాగానికి అర్థమేమిటని సుప్రీంకోర్టు తొలిసారి తేల్చింది 1879లో. కోర్టుకెక్కింది జార్జ్ రేనాల్డ్స్ అనే మోర్మన్. రెండో పెళ్లి చేసుకోవడం తన మతధర్మమన్నాడు. కోర్టు ఒప్పుకోలేదు. నమ్మకం జోలికి చట్టం రాదు, చేతల జోలికి వస్తుంది అంది. దానికి చూపించిన ఉదాహరణల్లో ఒకటి మనది: భర్త చితి మీద కాలిపోవడమే ధర్మమని ఒక స్త్రీ నమ్మితే ప్రభుత్వం ఆపకూడదా అని. అమెరికా మతస్వేచ్ఛ చట్టంలో మన ప్రస్తావన అలా, భయపెట్టే ఉదాహరణగా, మొదలైంది. ఆ తీర్పు వచ్చిన రెండేళ్లకే, 1881 డిసెంబరులో, రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. వితంతు వివాహాన్ని అనుమతించే చట్టం 1856 నుంచే ఉంది. పాతికేళ్లపాటు అది తెలుగునాట కాగితం మీదే ఉండిపోయింది. చట్టం తలుపు తీసి ఊరుకుంటుంది. గడప దాటాలంటే లోపలివాడు ఒకడు బయల్దేరాలి. ఈ మాట మళ్లీ అవసరమవుతుంది.

ఇక యెహోవాసాక్షులు. ఇంటింటికీ తిరిగి తలుపు తట్టే ఈ మనుషులను ఈ దేశంలో ఎవరూ పెద్దగా ఇష్టపడలేదు, ఇప్పటికీ అంతే. 1940లో క్యాంట్‌వెల్ కేసు వాళ్లదే. కనెక్టికట్‌లో, న్యూ హేవెన్ వీధుల్లో, గ్రామఫోను రికార్డు వినిపిస్తూ ప్రచారం చేస్తున్నందుకు అరెస్టయిన తండ్రీకొడుకుల కేసు. మతస్వేచ్ఛ హామీ ఒక్క కేంద్ర ప్రభుత్వానికే కాదు, రాష్ట్రాలకూ వర్తిస్తుందని కోర్టు అందులో తేల్చింది. మన గుళ్ల తగాదాలన్నీ టౌన్‌షిప్‌లతో, కౌంటీలతో, రాష్ట్రాలతోనే కదా. ఆ తీర్పు లేకపోతే మొదటి సవరణ పేరెత్తే అవకాశమే మనకు ఉండేది కాదు.

అదే ఏడాది, అదే కోర్టు, యెహోవాసాక్షుల పిల్లలు బడిలో జెండాకు వందనం చేయకపోతే బడి నుంచి వెళ్లగొట్టవచ్చని తీర్పిచ్చింది. ఆ తరవాత దేశం నలుమూలలా వాళ్ల మీద మూకలు పడ్డాయి. మెయిన్ రాష్ట్రంలో, కెన్నెబంక్‌లో, వాళ్ల ప్రార్థనా మందిరాన్ని తగలబెట్టారు. మూడేళ్లకు, 1943 జూన్ 14న, కోర్టు తన తీర్పును తనే కొట్టేసింది. బార్నెట్ కేసది. నడి యుద్ధకాలంలో, దేశమంతా జెండా చుట్టూ చేరిన వేళ, వెస్ట్ వర్జీనియాలో ఇద్దరు చిన్న అక్కాచెల్లెళ్ల మౌనాన్ని కోర్టు కాపాడింది.

ఆ తీర్పు సముద్రాలు దాటి ఎక్కడ చేరిందో తెలుసా? కేరళలో ముగ్గురు పిల్లలు, వాళ్లూ యెహోవాసాక్షులే, బడిలో జాతీయగీతానికి మర్యాదగా లేచి నిలబడేవారు, పాడేవారు కాదు. 1985లో వాళ్లను బడి నుంచి తీసేశారు. హైకోర్టులో ఓడిపోయారు. 1986 ఆగస్టులో భారత సుప్రీంకోర్టు పిల్లల పక్షాన నిలిచింది. ఆ తీర్పు రాసింది మన తెలుగువాడు, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. అమెరికా కోర్టు 1940లో చేసిన పొరపాటునూ 1943లో దిద్దుకున్న తీరునూ చర్చించి రాసిన తీర్పది. పాడకపోవడం అవమానించడం కాదన్నారు. నా దృష్టిలో మన కాలపు గొప్ప తెలుగువారిలో ఆయనొకరు. మన పిల్లలకు సినిమా నటుల పేర్లు తెలిసినంతగా ఆయన పేరు తెలియకపోవడం నాకు బాధ.

ఇప్పుడు తిరుమలకు వెళ్దాం. ఈ దేశంలో మనం అనుభవించే స్వేచ్ఛ ఎంత వేరో అక్కడినుంచి చూస్తేనే తెలుస్తుంది. 1801లో తిరుమల గుడి ఆదాయం ఆర్కాటు నవాబు చేతినుంచి ఈస్టిండియా కంపెనీకి వచ్చింది. క్రైస్తవ ప్రభుత్వం హిందువుల గుడి నడపడమేమిటని ఇంగ్లండులో ఒత్తిడి పెరిగాక, 1843లో కంపెనీ దాన్ని హథీరాంజీ మఠం మహంతుకు అప్పగించి తప్పుకుంది. 1933లో మద్రాసు చట్టం ద్వారా కమిటీ వచ్చింది. 1987లో ఆంధ్రప్రదేశ్ దేవాదాయ చట్టం అర్చకుల వంశపారంపర్య మిరాశీ హక్కులను రద్దు చేసింది. నారాయణ దీక్షితులు కేసులో 1996లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది. ప్రభుత్వం ఈవోను వేస్తుంది, బోర్డును వేస్తుంది, హుండీ లెక్క చూస్తుంది. ఇది తప్పని కొందరంటారు, వాళ్ల బాధలో న్యాయముంది. కానీ భారత రాజ్యాంగంలోని 25వ అధికరణ హిందూ దేవాలయాల తలుపులు అన్ని వర్గాల హిందువులకూ తెరిపించే అధికారం ప్రభుత్వానికిచ్చింది. ప్రభుత్వం చేయి లోపలికి రాకపోతే ఎన్నో ఊళ్లలో దళితులు ధ్వజస్తంభం దాటేవారు కాదు. రెండూ నిజమే. ఒకటి చెప్పి ఒకటి దాచేవారి మాట నేను నమ్మను.

అమెరికాలో ఆ చేయి లోపలికి రాదు. ఎవరు అర్చకుడు, ఏది ఆగమం, ఏ పూజ సరైనది అని కోర్టు చెప్పకూడదు. కానీ గుడి ఇక్కడ ఒక కార్పొరేషన్ కూడా. ఆ దారిన చట్టం వస్తుంది. ఫ్లషింగ్ గుడికే అది అనుభవమైంది. 2000 తరవాతి తొలి ఏళ్లలో కొందరు భక్తులు ధర్మకర్తల ఎన్నికలు జరగడం లేదని క్వీన్స్ కోర్టుకెక్కారు. ఎన్నికలు జరపమని, ఒక రెఫరీ పర్యవేక్షణలో జరపమని కోర్టు ఆదేశించింది. గుడి యాజమాన్యం ఫెడరల్ కోర్టుకు వెళ్లినా ఊరట దొరకలేదు. ఎన్నికలంటే ఓటర్లు కావాలి. గుడికి సభ్యులెవరు? న్యూయార్క్ మతసంస్థల చట్టంలో ఒక సెక్షన్ ఉంది: క్రమంగా ఆరాధనకు హాజరవుతూ, గడిచిన ఏడాది పొడుగునా ఆర్థికంగా తోడ్పడినవారికి ఓటు. ఆదివారం ఆదివారం చర్చికి వెళ్లే సంఘాన్ని మనసులో పెట్టుకుని రాసిన మాటలవి. మనవాళ్లు అలా వస్తారా? పెళ్లికొకసారి, వినాయక చవితికొకసారి, పిల్లాడికి పరీక్షలప్పుడొకసారి వస్తారు. గోత్రనామాలు చెప్పి అర్చన చేయించుకుని వెళ్లిపోతారు. మూడు గుళ్లకు వెళ్తారు, మూడూ తమవే అంటారు. మన భక్తికి సభ్యత్వ పుస్తకం లేదు. ఆ కేసులో ఎవరిది న్యాయమో తేల్చడం నా పని కాదు. నన్ను తొలిచే విషయం వేరు. పరిపాలన సంగతి మనలో మనం ముందుగా తేల్చుకోకపోతే, మన గుడి అంటే ఏమిటో ఒక జడ్జి, మరో మతపు నమూనా చేతబట్టుకుని, మనకు చెప్పాల్సి వస్తుంది.

దీనికి ఇంకో పార్శ్వం ఉంది, మాట్లాడటానికి మనం ఇష్టపడనిది. 2012లో హొసానా-టేబర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది: మతబోధ, మతకార్యం చేసే ఉద్యోగిని నియమించడం, తీసేయడం ఆ మతసంస్థ ఇష్టం, వివక్ష చట్టాలు అక్కడ పనిచేయవని. మన అర్చకస్వామి సంగతి ఆలోచించండి. ఆర్-1 వీసా మీద వస్తాడు. ఆ వీసా రప్పించిన గుడితో ముడిపడి ఉంటుంది. కమిటీకి కోపమొస్తే ఆయనకు ఉద్యోగమే కాదు, దేశంలో నిలవనీడ కూడా ఉండదు. కోర్టు తలుపు చాలావరకు మూసే ఉంటుంది. మనం మాట్లాడటానికి ఇష్టపడని ఇంకో సంగతి కులం. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ అలాంటి బిల్లే ఆమోదిస్తే అక్టోబరులో గవర్నరు తోసిపుచ్చారు. ఆ చట్టాలు హిందువులను వేలెత్తి చూపుతున్నాయని మనలో చాలామంది ఆందోళన చెందారు. ఒక మతంలో ఏముందో, ఏం లేదో ప్రభుత్వం నిర్వచించకూడదన్న వాదంలో బలముంది, నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆ వాదం చేసినవాళ్ల మీద ఒక బాధ్యత పడుతుంది. గుడి వంటశాలలోకి ఎవరు రావచ్చో, పీటల మీద ఎవరు కూర్చోవచ్చో ఇంటిపేరు అడిగి తేల్చే అలవాటు ఎక్కడ మిగిలి ఉన్నా దాన్ని తుడిచేయాల్సింది మనమే. వీరేశలింగం సంగతి అందుకే చెప్పాను.

ఇక ఓడిపోయి దారి వేసినవాళ్ల దగ్గరికి వస్తాను. ఆల్ఫ్రెడ్ స్మిత్ ఆరెగాన్ రాష్ట్రంలో క్లామత్ తెగ మనిషి. తాగుడు మానుకుని, మత్తుకు బానిసలైనవారిని బాగుచేసే కేంద్రంలో సలహాదారుగా చేరాడు. నేటివ్ అమెరికన్ చర్చి పూజలో పెయోటీ అనే మొక్కను ప్రసాదంగా తీసుకున్నందుకు 1984లో ఉద్యోగం పోయింది, నిరుద్యోగ భృతీ రాలేదు. 1990లో సుప్రీంకోర్టు అతనికి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. అందరికీ ఒకేలా వర్తించే చట్టమైతే, అది ఒకరి మతాచరణకు అడ్డొచ్చినా మినహాయింపు ఇవ్వనక్కర్లేదంది. దేశంలోని మతాలన్నీ ఉలిక్కిపడ్డాయి. 1993లో కాంగ్రెస్ మతస్వేచ్ఛ పునరుద్ధరణ చట్టం చేసింది. 1997లో టెక్సస్‌లోని ఒక క్యాథలిక్ చర్చి కేసులో, రాష్ట్రాల మీద అది చెల్లదని కోర్టు కొట్టేసింది. 2000లో కాంగ్రెస్ ఏకగ్రీవంగా ఇంకో చట్టం తెచ్చింది. స్థల వినియోగ నిబంధనల (జోనింగ్) పేరుతో ప్రార్థనా స్థలాలను అడ్డుకోకూడదని చెప్పే ఆ చట్టమే ఇవాళ మన గుళ్ల లాయర్లు మొదట చేతిలోకి తీసుకునేది. దాని మూలం వెతుక్కుంటూ వెళ్తే ఓడిపోయిన ఆ క్లామత్ మనిషి కనబడతాడు.

కానీ అతనిలాంటి స్థానిక తెగలవాళ్లకు ఆ చట్టాలు అక్కరకు రాలేదు. వాళ్ల దేవుడు కొండ. కాలిఫోర్నియాలో యురోక్, కరుక్, టొలోవా తెగలు పూజించే కొండల మీదుగా అడవి శాఖ రోడ్డు వేస్తానంది. ఆ రోడ్డు వాళ్ల ఆచారాలను నాశనం చేయవచ్చని ఒప్పుకుంటూనే, ప్రభుత్వం తన భూమిలో తన పని చేసుకోవచ్చని ఆ చట్టాలేవీ రాకముందు, 1988లో, సుప్రీంకోర్టు తేల్చింది. ఆ రోడ్డు చివరికి పడలేదు. కాంగ్రెస్ ఆ అడవిని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది కనక బతికింది. ఆ చట్టాలు వచ్చాకా అదే తీరు. ఆరిజోనాలో ఓక్ ఫ్లాట్ అపాచీ తెగవారికి పుణ్యభూమి. దాని కింద రాగి ఉంది. 2014 చట్టంతో ఆ నేలను గని కంపెనీకి మార్పిడి చేయడానికి దారి వేశారు. అపాచీల సంస్థ అప్పీలు కోర్టులో 2024లో ఒక్క ఓటు తేడాతో ఓడింది. 2025 మే 27న సుప్రీంకోర్టు కేసు వినడానికే ఒప్పుకోలేదు. జస్టిస్ గోర్సచ్ విభేదించారు. ఒక చారిత్రక చర్చిని కూలగొడతామంటే కోర్టు ఇలాగే ఊరుకునేదా అన్నారు. నేను శేషాచలం కొండల గురించి ఆలోచించాను. ఆ కొండ ఆదిశేషుడని నమ్మి, కాలు మోపడానికి జంకి రామానుజులవారు మోకాళ్ల మీద ఎక్కారని చెప్పుకునే జాతి మనది. కొండే దేవుడు అంటే ఏమిటో అపాచీకి మనం వివరించనక్కర్లేదు, మనకు అపాచీ వివరించనక్కర్లేదు. ఈ దేశంలో ఆ బాధ చెప్పకుండానే అర్థం కావాల్సినవాళ్లలో మనం ముందుండాలి. మన సంఘాల తరపున ఆ విషయమై ఒక్క సభ జరగడం నేను చూడలేదు.

చివరగా మన ఇంటి పక్క సంగతి. ఇదే న్యూజెర్సీలో, బెర్నార్డ్స్ టౌన్‌షిప్‌లో, బాస్కింగ్ రిడ్జ్ ఇస్లామిక్ సొసైటీ 2012లో మసీదుకు దరఖాస్తు చేసింది. సొసైటీ అధ్యక్షుడు మహమ్మద్ అలీ చౌదరి ఆ ఊరికి ఒకప్పుడు మేయరు. ప్లానింగ్ బోర్డు దాదాపు నాలుగేళ్లలో 39 విచారణలు జరిపింది. పేచీ పార్కింగ్ దగ్గర. చర్చిలకు వాడే లెక్క ప్రకారమైతే 50 చోట్లు చాలు, మసీదుకు 107 కావాలన్నారు. 2015 డిసెంబరులో దరఖాస్తు తిరస్కరించారు. ఊరికి మేయరుగా చేసిన మనిషి ఆ ఊరి మీదే కోర్టుకెక్కాల్సి వచ్చింది. 2016 డిసెంబరు 31న ఫెడరల్ జడ్జి పార్కింగ్ విషయంలో మసీదు పక్షాన తీర్పిచ్చారు. 2017లో టౌన్‌షిప్ 32.5 లక్షల డాలర్లిచ్చి రాజీపడింది. ఆ కేసులో మసీదుకు మద్దతుగా కోర్టుకు పత్రం సమర్పించిన మతసంస్థల్లో బాప్టిస్టులున్నారు, సిక్కులున్నారు, యూదులున్నారు. హిందూ సంప్రదాయం నుంచి కృష్ణచైతన్య సంఘంవారు (ఇస్కాన్) సంతకం పెట్టారు. మసీదుకు మద్దతిచ్చినందుకు బాప్టిస్టు పెద్దలు సొంతవాళ్ల చేత మాటలు పడ్డారు. మాస్టారి ప్రశ్నకు నేనొకటి చేర్చుకుంటాను: కోర్టుకెక్కినవాడి పక్కన నిలబడింది ఎవరు?

ప్లానింగ్ బోర్డు విచారణలు బహిరంగంగానే జరుగుతాయి. ఎవరైనా లేచి మాట్లాడవచ్చు, ఆ మాట రికార్డులోకి ఎక్కుతుంది, రేపు కోర్టులో పనికొస్తుంది. పార్కింగ్, ట్రాఫిక్, మైకు, గోపురం ఎత్తు, ఇవన్నీ మన కమిటీలు కిందామీదా పడి నేర్చుకున్న విషయాలే. మన చుట్టుపక్కల మసీదు గానీ గురుద్వారా గానీ యూదుల ప్రార్థనా మందిరం గానీ దరఖాస్తు పెట్టినప్పుడు, మన ధర్మకర్తల్లో ఒకరైనా ఆ విచారణకు వెళ్లి మద్దతుగా మాట్లాడాలని, అర్చకుల ఫిర్యాదులు వినడానికి కమిటీతో సంబంధం లేని ముగ్గురిని నియమించాలని ఒక తీర్మానం రాసి తెచ్చాను. ఒక ప్రతి అధ్యక్షులవారికి ఇస్తున్నాను, మిగతావి తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి. వచ్చే సర్వసభ్య సమావేశంలో దీన్ని చర్చకు పెట్టమని సభ్యులను కోరుతున్నాను.